కెమెరా వెనక జిప్సీ

ఫిలింనగర్‌లో మేకప్ మనుషులకే కాదు, బండ్లకూ ఉంటుంది. ఆ మేకప్ వేయడంలో ఓంప్రకాష్‌ది అందెవేసిన చెయ్యి. తుప్పు పట్టిన జీపు ఒకదాన్ని అతని షెడ్డులోకి తోసి వెళ్ళండి, కొద్ది రోజుల్లో అది ఛాతీ విరుచుకుని బయటికొస్తుంది. పైకి లేచిన ఒళ్ళు, మోకాలు దాటే టైర్లు, నెత్తిన లైట్లు. పక్కన నిలబడితే మామూలు మనిషి కూడా హీరోలా కనిపించాలి. అదీ అతని లెక్క.

సినిమాలో హీరో వచ్చేటప్పుడు ముందు టైరు చూపిస్తారు, తరువాత బూటు, ఆ తరువాతే మొహం. థియేటర్లో జనమంతా మొహానికి ఈల వేస్తారు. ఓంప్రకాష్ టైరుకే వేసేస్తాడు. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూసినా అతనికి సిగ్గు లేదు. ఆ టైరు బిగించింది తనే మరి.

షెడ్డు పెట్టింది అతని తండ్రి నర్సింహ. జూబ్లీహిల్స్ నుంచి ఫిలింనగర్‌లోకి దిగే వాలులో, రెండు పెద్ద రాతిగుండ్ల మధ్య ఇరుకుగా ఉంటుంది. ఇల్లు బోరబండలో. తండ్రికి పని ఎక్కువ, మాట తక్కువ. కొడుక్కి రెండూ ఎక్కువే.

తొలకరి మబ్బులు పట్టిన ఒక మధ్యాహ్నం, తెల్లరంగు వేసిన పాత జిప్సీ ఒకటి ఆ వాలు దిగి షెడ్డు ముందు ఆగింది. మిలిటరీవాళ్ళు వేలం వేసిన బండి అని చూడగానే తెలిసిపోతోంది. తెలుపు పెచ్చులూడిన చోటల్లా కింద ఆకుపచ్చ తొంగిచూస్తోంది. అందులోంచి దిగిన అమ్మాయి షెడ్డువైపు చూడలేదు. మెడలో నల్లతాడుకు వేలాడుతున్న చిన్న గాజుబిళ్ళను కంటికి ఆనించుకుని మబ్బుల్లోకి చూసింది.

ఏం చూస్తోందా అని ఓంప్రకాష్ కూడా తలెత్తాడు. మబ్బులే ఉన్నాయి. తల దించేసరికి ఆమె అతన్నే చూస్తోంది, అదే గాజుబిళ్ళలోంచి.

“ఎండ ఇంకాసేపే ఉంటుంది,” అంది ఆమె. “ఓంప్రకాష్ గారంటే మీరేనా అండీ?”

ఇన్నేళ్ళుగా సినిమావాళ్ళ మధ్య మసలుతున్నవాడికి ఆ గాజుబిళ్ళ వెలుగు ఎంతుందో చూసుకోవడానికి కెమెరామెన్ మెడలో ఉండేదని తెలియాలి. తెలియలేదు. అతని లోకమంతా కెమెరాకు ముందువైపే. వెనక ఎవరుంటారో ఎన్నడూ పట్టించుకున్నవాడు కాదు. అదేదో కొత్తరకం లాకెట్ అనుకున్నాడు. ఆమెకు బాగుందని కూడా అనుకున్నాడు.

ఆమె పేరు మైత్రేయి. మోతీనగర్‌లో బామ్మతో కలిసి ఉంటుంది. వాళ్ళది రాజమండ్రి వైపు కుటుంబం. సినిమా పనికి బండి కావాలనీ, అది రాళ్ళ మీద నడవాలనీ, టైర్లూ సస్పెన్షనూ మార్చాలనీ చెప్పింది.

“హీరో ఎవరు మేడం?” అన్నాడు ఓంప్రకాష్.

“హీరో లేడండీ. ఒక అమ్మాయి కథ.”

ఓంప్రకాష్ గుండె ఎగిరిపడింది. అంటే హీరోయిన్ ఎంట్రీ. ఇంతవరకూ ఎన్ని బండ్లు చేసినా, ఒక ఆడపిల్ల దుమ్ము లేపుకుంటూ వచ్చి దూకే బండి మాత్రం చెయ్యలేదు. ఇక అతని నోటికి పట్టపగ్గాల్లేవు. బండిని పైకి లేపే లిఫ్టుల్లో రకాలు చెప్పాడు, టైర్లలో రకాలు చెప్పాడు, ఏ టైరుకు దుమ్ము ఎలా లేస్తుందో చేతులతో చేసి చూపించాడు. మైత్రేయి మధ్యలో ఏదో చెప్పబోయింది. అదంతా తనకు వదిలెయ్యమన్నాడు. మళ్ళీ చెప్పబోయింది. ఈలోగా ఆమె ఫోను మోగింది. లొకేషన్లు చూడ్డానికి రమ్మని డైరెక్టర్ రఘునందన్ పిలుస్తున్నాడు.

వెళ్తూ వెళ్తూ ఆమె జిప్సీ కింద కుదుపును ఓర్చుకునే కమాన్ పట్టీలను చూపించి, వాటిని జాగ్రత్తగా చూసుకోమంది. బండి ప్రాణమంతా వాటిలోనే ఉందట.

“ఫికర్ చెయ్యకుండ్రి మేడం. చూసినోళ్ళ కళ్ళు చెదరాలె, గట్ల చేస్త.”

కళ్ళెందుకు చెదరాలో ఆమెకు అర్థం కాలేదు. అడిగేలోపు ఆటో వచ్చేసింది.

ఆమె లేని ఆ కొద్ది రోజులూ ఓంప్రకాష్ వేరే బండి ముట్టుకోలేదు. కమాన్ పట్టీలను ఇరుసు కిందనుంచి తీసి ఇరుసు పైన కట్టాడు. దాంతో బండి ఐదంగుళాలు పైకి లేచింది. బురదలో దిగబడకుండా గుబ్బలు గుబ్బలుగా ఉండే పెద్ద మడ్ టైర్లు తెప్పించి వేశాడు. ముందర పసుపు లైట్లు, పైన ఇంకో వరుస. పెచ్చులూడిన తెలుపంతా గీకి పారేసి, అడుగునున్న ఆకుపచ్చనే మెరిసేలా పాలిష్ పట్టాడు. పట్టినంతసేపూ గాజుబిళ్ళ వెనక నుంచి చూసిన ఆ ఒక్క కన్నే గుర్తొచ్చేది. ఇంకో కన్ను కూడా తనవైపు తిరగాలంటే బండి ఎలా ఉండాలో, అలా ఉండాలని అతని తాపత్రయం.

సాయంత్రాలు ఆమె ఫోన్ చేసేది. పని ఎలా సాగుతోందని అడిగేది. వచ్చాక చూద్దురుగానీ అని అతను ఊరించేవాడు. నర్సింహ ఒకటి రెండుసార్లు బండి చుట్టూ తిరిగి వచ్చి, ఆ పిల్లను అడిగే చేస్తున్నావా అన్నాడు. సర్‌ప్రైజ్ చేసేటప్పుడు ఎవరైనా అడుగుతారా అని కొడుకు నవ్వాడు.

మైత్రేయి తిరిగొచ్చిన రోజు షెడ్డు ముందు చిన్న తిరునాళ్ళలా ఉంది. దారినపోయేవాళ్ళు ఆగి జిప్సీతో సెల్ఫీలు దిగుతున్నారు. ఆమె వాళ్ళ మధ్యలోంచి వచ్చి, బండి చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణ చేసింది. వెనక తలుపు దగ్గర ఆగి, తన భుజం ఎత్తునూ బండి ఎత్తునూ చేత్తో కొలిచి చూసుకుంది.

“చాలా అందంగా ఉందండీ,” అంది. ఆ మాట నిజంగానే అంది. ఆ తరువాత పోయి రాతిగుండు మీద కూర్చుంది. “కానీ ఇది కెమెరా ముందు నిలబడే బండి. నాది కెమెరా వెనక ఉండాల్సిన బండి.”

అప్పుడు తెలిసింది ఓంప్రకాష్‌కి. ఆమే కెమెరామెన్. ఇది ఆమె మొదటి సినిమా. రఘునందన్‌కు ఆమె పని మీద నమ్మకమున్నా, నిర్మాతకు లేదు. కొత్తమ్మాయి, అనుభవం లేదు, ముందు ఒక్క సీను తీసి చూపించమన్నాడు. ఊరి బయట రాళ్ళగుట్ట మీద కథానాయిక పరిగెత్తుకుంటూ వస్తుంది. ఆమెకు ఎదురుగా, వెనక్కి వెనక్కి వెళ్తూ, కెమెరా ఆ మొహాన్నే చూస్తూ సాగాలి. జిప్సీ వెనక భాగంలో కెమెరా పెట్టుకుని మైత్రేయి కూర్చోవాలి. ఆ సీను బాగా వస్తే సినిమా ఆమెది. రాకపోతే చెయ్యడానికి ఒక సీనియర్ సిద్ధంగా ఉన్నాడు. ఆమె మళ్ళీ పెళ్ళి వీడియోలకు పోవాల్సిందే. షూటింగ్ ఆదివారం.

డ్రోన్‌తో తియ్యరాదా అని నసిగాడు ఓంప్రకాష్.

“ఎత్తు పెరిగిన ఈ బండిలాగే అదీ పైనుంచే చూస్తుంది కదండీ. ఈ కథలో అందరూ ఆ పిల్లని కిందికి చూసేవాళ్ళే. నా కెమెరా అలా చూడకూడదు. ఆమె కళ్ళూ నా లెన్సూ ఒకే ఎత్తులో ఉండాలి.”

తిట్టినా బాగుండేది. ఆమె గొంతు పెంచలేదు. ముందే చెప్పొచ్చు కదా అన్న మాట ఓంప్రకాష్ నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పబోయిందనీ, తనే చెప్పనివ్వలేదనీ గుర్తొచ్చి ఆ మాట మింగేశాడు. కళ్ళు దించుకుని తన టైర్లనే చూసుకున్నాడు. ఎంత ముద్దొచ్చాయో పొద్దున, అవే ఇప్పుడు ఎగతాళి చేస్తున్నట్టున్నాయి.

“నేను అడగలె. మీరు చెప్పబోతె ఇనలె,” అన్నాడు. “ఇప్పుడు చెప్పుండ్రి మేడం. నోరు మూసుకుని ఇంట.”

మైత్రేయి అతని మొహంలోకి చూసింది. ఈసారి గాజుబిళ్ళ అడ్డం లేదు. కెమెరా తెప్పించి బండి వెనక బిగించి, ఒక్కసారి ఆ వీధి చివరిదాకా నడపమంది.

నడిపి వచ్చాక చిన్న తెర మీద తను తీసినది చూపించింది. ఓంప్రకాష్ తన జీవితంలో మొదటిసారి, తన బండి మీదనుంచి లోకం ఎలా కనబడుతుందో చూశాడు. వీధి మొత్తం గజగజ వణుకుతోంది. పాల దుకాణం ఎగిరెగిరి పడుతోంది. పైగా టైరు గుబ్బలు రోడ్డును కొడుతుంటే ఒకటే హోరు. పరిగెత్తే పిల్ల రొప్పును అక్కడికక్కడే రికార్డు చెయ్యాలట, ఆ హోరులో రొప్పేం వినబడుతుంది?

కెమెరాను పట్టుకునే యంత్రం అటూ ఇటూ ఊగడాన్ని ఆపగలదనీ, పైకీ కిందికీ ఎగరడాన్ని మాత్రం ఆపలేదనీ మైత్రేయి వివరించింది.

“మరి అది ఎవరు ఆపాలె?”

“మీరేనండీ.”

ఆ మాటతో ఓంప్రకాష్ పానా అందుకున్నాడు. తన చేత్తో ఎక్కించినవన్నీ తన చేత్తోనే దించాడు. లైట్లు ఊడదీస్తుంటే మాత్రం నర్సింహ కొడుకు మొహంవైపు చూడకుండా మర్యాదగా అటు తిరిగాడు.

ఇక అక్కడినుంచి వాళ్ళిద్దరికీ పేచీ మొదలైంది. బండి కంపెనీ నుంచి వచ్చిన ఎత్తులోనే ఉండాలని ఆమె. అలా ఉంటే గుట్ట మీద పొట్ట తగిలి ఆగిపోతుందని అతను. మాటలతో తెగేలా లేదని, షెడ్డు పక్కనున్న రాళ్ళ మీదికి బండిని మెల్లగా ఎక్కించి, ఆమెను కిందికి వంగి చూడమన్నాడు. ఇరుసు మధ్యలో గుండ్రంగా వేలాడే భాగం రాతిని ముద్దు పెట్టుకుంటోంది. మైత్రేయి మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకానించి, చాలాసేపు చూసింది. జుట్టంతా దుమ్ము. ఒక మనిషి తను చూడాల్సింది చూడ్డం కోసం ఇంతగా ఒంగడం ఓంప్రకాష్ ఎక్కడా చూడలేదు. నచ్చింది. చెప్పలేనంత నచ్చింది.

“రెండంగుళాలు,” అంది లేచి. “అంతకంటే ఒక్క గీత కూడా పెరగకూడదు. ఆ రెండంగుళాలూ నేను కెమెరా స్టాండు దించి సరిచేసుకుంటాను.”

“గట్లనే మేడం.”

“మైత్రేయి అనండి.”

“గట్లనే మైత్రేయి గారు,” అన్నాడు. ఆ పేరు నోటికి కొత్తగా, పొడుగ్గా, తియ్యగా ఉంది.

పాత కమాన్ పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన కట్టలు. అవి ఒకదాన్నొకటి రాసుకుని బిగుసుకుపోతాయి. వాటి బదులు, పొడుగ్గా సన్నగా, మధ్యలో ఖాళీ ఉండే కొత్తరకం పట్టీలు ఓంప్రకాష్ వెతికి తెచ్చాడు. రెండంగుళాల ఎత్తూ వాటితోనే వచ్చింది. టైర్ల దగ్గర మాత్రం అతను ఏ మాటా తేల్చలేదు. రోడ్డుకూ రాతికీ కూడా పనికొచ్చేవి మూడు రకాలు తెచ్చి, మీరే చూసుకోండన్నాడు.

చూసుకోవడానికి ఆమె కళ్ళు మూసుకుంది. టోలిచౌకి వైపు దిగే గుట్టల వెనక ఇంకా ఇళ్ళు పడని ఒక రాళ్ళబయలు మిగిలి ఉంది. ఒక్కో రకం టైర్లు వేసి అక్కడ నడపడం, ఆమె వెనక కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండు అరచేతులూ బండి అంచున ఆనించి, కుదుపును చేతులతో వినడం. మాటలు వినబడాలని ఇద్దరూ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. ఆమె గొంతు అతని చెవిలోనే పలుకుతోంది. ఇది గట్టిగా ఉంది. ఇది మెత్తగా ఉంది గానీ మలుపులో ఒరుగుతోంది. కాస్త గాలి తీసి చూద్దామా.

ఓంప్రకాష్ అద్దాన్ని కొంచెం పక్కకు తిప్పుకున్నాడు. అందులో మూసిన కనురెప్పలు, నుదుటి మీద ఎగురుతున్న వెంట్రుకలు, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కదిలే పెదవులు. చక్రం ధన్‌మని గుంతలో పడింది.

“ఓంప్రకాష్ గారూ, ఆ అద్దం తీసేయండి.”

“ఎందుకండీ?” పట్టుబడ్డ కంగారులో అతనికి కోస్తా యాస వచ్చేసింది.

“గుంతలు అందులో కనబడవు కాబట్టి.”

అద్దం ఊడదీసి పక్క సీట్లో బోర్లా పెట్టాడు. వెనకనుంచి ఆమె నవ్వు చెవిలోకి వచ్చింది. ఆ నవ్వు మొహం చూడలేకపోయినందుకు అతనికి సాయంత్రం దాకా బాధ తీరలేదు.

మూడో రకం టైర్లు వేసిన రోజు వాన దంచికొట్టింది. కెమెరా కోసం బండి పైకప్పు తీసేశారు. ఓంప్రకాష్ ఒక్క దూకు దూకి, తన రెయిన్‌కోటు విప్పి కెమెరా మీద కప్పి, దారం చుట్టి ముడివేశాడు. అంతా అయ్యాక చూస్తే పక్కనే మైత్రేయి నిలువునా తడిసి నిలబడి ఉంది. ముక్కు చివర నీటిబొట్టు.

“నాకు?” అంది.

అతను అటూ ఇటూ చూశాడు. వెనక స్టెప్నీ టైరుకు తొడిగిన గుండ్రటి నల్ల కవరు తప్ప ఏమీ లేదు. అదే పీకి ఆమె నెత్తిన పెట్టాడు. దాని మీద పెద్ద పసుపు అక్షరాల్లో నర్సింహ టైర్స్ అని ఉంది. ఆ టోపీతో ఆమె, రాతి మీద కూర్చుని, వానంతసేపూ తన సంగతులు చెప్పింది. పెళ్ళి వీడియోల రోజుల్లో అందరూ పెళ్ళికూతురి నగల మీద కెమెరా పెడితే తను ఆమె కళ్ళ మీద పెట్టేదట. నగలు సరిగ్గా పడలేదని స్టూడియో ఓనర్ తిట్టేవాడట. ఒక పెళ్ళికూతురు మాత్రం ఆ వీడియో చూసుకుని, ఆ రోజు నన్ను చూసింది నువ్వొక్కదానివే అని ఫోన్ చేసి ఏడ్చిందట. అప్పుడే అనుకుందట, బతికితే ఈ పనే చేసి బతకాలని.

ఎప్పుడూ మధ్యలో అడ్డుపడే ఓంప్రకాష్ ఈసారి చివరిదాకా విన్నాడు. ఈ అమ్మాయి లేకుండా తనకు తోచదని అతనికి ఆ వానలో తెలిసిపోయింది. చెప్పెయ్యాలని గొంతులో గిలగిలలాడింది. కానీ ఆమె తలలో ఇప్పుడు ఆదివారం తప్ప ఇంకేదీ లేదు. ఆ బరువు మీద తన బరువు పెట్టడం తప్పనిపించింది. ముందు ఆమె సినిమా ఆమెకు రావాలి. తన మాట తరువాత.

“ఈ టైర్లే,” అంది మైత్రేయి వాన వెలిశాక. “తడిసిన రాయి మీద కూడా పిల్లిలా వెళ్ళాయి.”

ఆదివారం పొద్దున్నే గుట్ట దగ్గర యూనిట్ దిగింది. గొడుగు కింద నిర్మాత, పక్కన రఘునందన్, వాళ్ళ ముందు మానిటర్. అవసరపడతాయేమోనని జాకీ, అదనపు టైరు వేసుకుని నర్సింహ కూడా వచ్చాడు. డ్రైవర్‌గా ఎవరినో పంపుతామని ప్రొడక్షన్ వాళ్ళు అంటే ఓంప్రకాష్ ఒప్పుకోలేదు. బండి తనే నడుపుతానన్నాడు. దారిలో అడ్డొచ్చే రాళ్ళను ముందురోజే ఏరి, ఎటునుంచి ఎటు వెళ్ళాలో సున్నంతో గీత గీసిపెట్టారు.

పడమట మబ్బు కమ్ముకొస్తోంది. ఒక్క టేక్‌కే వెలుగుందని మైత్రేయి గాజుబిళ్ళలోంచి చూసి చెప్పింది. బిగించిన కెమెరాను మళ్ళీ ఒకసారి సరిచూసుకుంది. ఓంప్రకాష్ టైర్లలో గాలి ఇంకొంచెం తీసి, వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కథానాయిక నిహారిక కొత్తనటి, చెప్పుల్లేని కాళ్ళతో గుట్ట మొదట్లో నిలబడి ఉంది. రఘునందన్ యాక్షన్ అన్నాడు.

జిప్సీ కదిలింది. వెనక కెమెరా, కెమెరాకు ఎదురుగా పరుగు. ఓంప్రకాష్‌కి అదేదీ కనబడదు. ముందున్న సున్నం గీతా, చెవిలో ఆమె ఊపిరీ, అంతే. బాగుంది, ఇదే వేగం, అంటోంది గొంతు. ఇంకొంచెం. బాగుంది.

సగం దూరం వెళ్ళారో లేదో వెనక ఎవరో కేక పెట్టారు. నిహారిక కాలు జారి పడింది. అందరూ ఆపేస్తారనుకున్నారు. కానీ ఆ పిల్ల లేచి, చేతులకు అంటిన మట్టి దులుపుకోకుండా, గీత విడిచి, బండికి ఎడమవైపు రాళ్ళలోకి పరిగెత్తడం మొదలుపెట్టింది. మొహంలో నిజమైన నొప్పి. ఏ రిహార్సల్లోనూ రానిది.

“ఎడమకి,” అంది మైత్రేయి. గుసగుసలా అంది. “ఆపద్దు. నేను చూసుకుంటాను.”

ఎడమవైపు దారి లేదు. నిన్న ఎవరూ ముట్టుకోని రాళ్ళ కుప్పలు. ఓంప్రకాష్ ఏముందని అడగలేదు, ఎందుకని అడగలేదు. స్టీరింగ్ తిప్పాడు. ముందు చక్రం ఒక బండరాయి ఎక్కి దిగింది. గాలి తగ్గిన టైరు ఆ రాయి ఆకారంలోకి ఒదిగిపోయి, కుదుపును తనలోనే దాచుకుంది. పొట్ట కింద ఇంకో రాయి రెండు వేళ్ళ సందుతో దాటిపోవడం అతనికి తొడల్లో తెలిసింది. కుడికి, అంది గొంతు. మెల్లగా. ఇప్పుడు తిన్నగా. అలాగే. అలాగే. అతను ఆ గొంతునే దారిగా చేసుకుని వెళ్ళాడు, గుట్ట చివర నేల అయిపోయేదాకా.

“కట్,” అన్నాడు రఘునందన్. ఆ మాట అనడానికి అతనికి కొంచెం ఆలస్యమైంది.

మానిటర్ చుట్టూ జనం మూగారు. మైత్రేయి దిగి కొంత దూరంగా వెళ్ళి ఫోనులో ఎవరితోనో మాట్లాడింది. తరువాత వచ్చి చేతులు కట్టుకుని అందరికీ వెనగ్గా నిలబడింది. తెర మీద ఒక ఆడపిల్ల మొహం, కళ్ళలో కళ్ళు పెట్టి చూస్తూ, పడి, లేచి, మన మీదికే వస్తోంది. లోకం చుట్టూ పరిగెడుతోంది గానీ ఆ కళ్ళు మాత్రం కదలడం లేదు. నిర్మాత మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ చూశాడు.

“ఇది దేని మీద తీశావమ్మా?” అన్నాడు.

మైత్రేయి జిప్సీవైపు చూపించింది.

“ఆ బండి మీదా? బండి ఉన్నట్టే తెలియలేదే.” కుర్చీలోంచి లేచి, రఘునందన్ భుజం తట్టాడు. “ఆ సీనియర్‌కి నేను చెప్పుకుంటాను. ఈ అమ్మాయే చేస్తుంది సినిమా.”

ఓంప్రకాష్ ఇన్నేళ్ళూ బండి కనబడాలనే బతికాడు. బండి తెలియలేదన్న మాటకు ఒళ్ళు పులకరిస్తుందని ఎవరైనా చెప్పినా నమ్మేవాడు కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ చూడకుండా టైరుకు అంటిన మట్టి తుడుస్తూ కూర్చున్నాడు.

మైత్రేయి వచ్చి పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. సినిమా మొత్తం గుట్టల్లోనే అనీ, వానాకాలమంతా షూటింగ్ ఉంటుందనీ, ఈ బండి అతనే నడపాలనీ చెప్పింది.

ఓంప్రకాష్ తను ఇన్నాళ్ళు దాచుకున్నది చెప్పాల్సిన చోట, షెడ్డుంది, పనులున్నాయి, మంచి డ్రైవర్‌ను చూసిపెడతా అని ఏదేదో గొణిగాడు.

“డ్రైవర్ ఎవరైనా దొరుకుతారండీ,” అంది మైత్రేయి. “నాకు మీరు కావాలి. సినిమా అయిపోయాక కూడా.”

ఓంప్రకాష్ చేతిలోని గుడ్డ జారిపోయింది. “నేను చెప్పాల్సిన మాట మీరు చెప్పిండ్రు,” అన్నాడు చివరికి. “ఆ వాన నాటి సంది నా గొంతులనే ఉన్నది. ఈ సీను కావాలె మీకు, అయినంక చెప్తమని ఆగిన.”

“తెలుసు,” అంది. “మీరు అంతసేపు నోరు మూసుకుని కూర్చున్నారంటేనే తెలిసిపోయింది.”

బండికి అటువైపు అదనపు టైరు గట్టిగా ఉందో లేదో చాలాసేపటినుంచి నొక్కి చూస్తున్న నర్సింహ, ఇక ఆ నటన చాలించి ఇటు వచ్చాడు. కొడుకును చూడలేదు. ఆమెనే చూశాడు.

“షెడ్డు నేను జూసుకుంట బిడ్డా. వీణ్ణి నువ్వు తీస్కపో,” అన్నాడు. “మీ పెద్దోళ్ళతోని మాట్లాడనీకి మేమెప్పుడు రావాలె?”

“ఈ సాయంత్రమే రండి. మా బామ్మకి చెప్పేశాను. షాట్ అవగానే ముందు ఆమెకే ఫోన్ చేశాను.”

“ఏమని చెప్పిండ్రు?” అన్నాడు ఓంప్రకాష్.

మైత్రేయికి మొదటిసారి సిగ్గు ముంచుకొచ్చింది. గుట్టవైపు తిరిగి, వాళ్ళు దారి లేకుండా దాటి వచ్చిన ఆ రాళ్ళను చూస్తూ చెప్పింది.

“ఎడమకి అంటే, అక్కడేముందని అడక్కుండా తిప్పే మనిషి దొరికాడని.”

నర్సింహ పెద్దగా నవ్వాడు. కొడుకు వీపు మీద ఒక్కటి చరిచి, ముందు ఇంటికి ఫోన్ చేసి మీ అమ్మకు చెప్పమన్నాడు. చినుకులు మొదలయ్యాయి. ఓంప్రకాష్ ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు, రెండిట్లో ఏదీ వదలకుండా.